అవ్వ మోచెయ్యి, గాజు పుల్ల

చేపల ముందు కూర్చుంటే బీపీ తగ్గుతుందని మా ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అనుమానమే. డాక్టరు చెప్పాడని ఆయన అంటారు. ఆ రోజు డాక్టరు గదిలో పక్క కుర్చీలో నేనే ఉన్నాను. ఉప్పు తగ్గించమన్న మాట విన్నాను, నడవమన్న మాట విన్నాను, చేపల మాట మాత్రం నా చెవిన పడలేదు. ఏదైతేనేం, పోయిన చలికాలం మొదట్లో కామారెడ్డిలో మా ముందు గదిలోకి మూడడుగుల గాజు తొట్టి వచ్చి కూర్చుంది. అందులో ఆరు ఏంజెల్ చేపలు, ఒక హీటరు, బుడగలు వదిలే మోటారు. అద్దానికి బయటివైపు ఒక ప్లాస్టిక్ పట్టీ అతికించి ఉంది. నీళ్ళ వేడిని బట్టి దాని మీద అంకెలు రంగులు మారతాయట. పదిహేను రోజులు తిరగకముందే రెండు చేపలు చచ్చి తేలాయి. పట్టీ మాత్రం అంతా బాగానే ఉందన్నట్టు ఇరవై ఆరు చూపిస్తూనే ఉంది. నాకు ఆ పట్టీ మొహం నచ్చలేదు. పక్కనున్న కిటికీ తీసి చలిగాలి తగలనిచ్చాను. ఐదు నిమిషాల్లో రెండంకెలు దిగింది. కిటికీ మూస్తే మళ్ళీ ఎక్కింది. అన్ని లీటర్ల నీళ్ళు ఐదు నిమిషాల్లో రెండు డిగ్రీలు చల్లారవు, డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. అది చెబుతున్నది నీళ్ళ సంగతి కాదు, మా గది సంగతి. మా గది ఎలా ఉందో నాకు చెప్పడానికి పట్టీ ఎందుకు?

స్టేషన్ రోడ్డులో చేపల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. దుకాణం అతను మా అన్న వయసు వాడు, మాట మెత్తన. థర్మామీటర్లు అడిగితే ఒక అట్టపెట్టె తీసి ముందు పెట్టాడు. గాజు గొట్టంలో ఎర్ర తీగలాంటి ద్రవం ఉండి, అద్దానికి అతుక్కునే రబ్బరు గిన్నె ఉన్నవి కొన్ని, వైరు చివర చిన్న మొన ఉండి అంకెలు వెలిగే డిజిటలువి కొన్ని.

"అన్ని ఒక్కటే మేడం. ఏదన్న తీస్కోండ్రి."

"ఒక్కటే అయితే ఇన్ని ఎందుకు పెట్టినవన్నా? ఒక జగ్గుల నీళ్ళు తే."

"తాగనీకా?"

"తాగనీకి గాదు. నాలుగు గాజువి, ఒక వైరుది, అన్ని ఒక్క జగ్గుల ముంచు. చూద్దాం ఒక్కటేనో కాదో."

అతను ముంచాడు. ఒక నిమిషం కాకముందే, "చూసిండ్రా, దగ్గర దగ్గర్నే ఉన్నయి" అన్నాడు. ఆగమన్నాను. వాటికి నీళ్ళ వేడి పట్టాలంటే కొంతసేపు కావాలి. ముంచీ ముంచగానే చదివితే అవి ఇంకా పెట్టెలోని సంగతే చెబుతుంటాయి. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. వచ్చిన వాళ్ళు నన్ను చూసి, జగ్గును చూసి, పక్కకు జరిగి చేపల తిండి కొనుక్కుని పోయారు. పది నిమిషాల తర్వాత రెండు గాజువి, వైరుది ఇరవై ఆరు దగ్గర నిలబడ్డాయి. ఒకటి ఇరవై ఎనిమిదన్నర అన్నది. నాలుగోది ఇరవై నాలుగు. పట్టి చూస్తే ఆ ఇరవై ఎనిమిదన్నరదాని లోపలి కాగితం స్కేలు జారి కిందికి దిగి ఉంది.

"ఒకటే కంపెనీ మేడం" అన్నాడతను, అది జవాబు అయినట్టు.

"ఒకటే కంపెనీ అయితే ఒకటే మాట చెప్పాలె గద."

"ఒకటి రెండు డిగ్రీలకు ఏం గాదు. చేపలు అడ్జస్ట్ అయితయి."

"నీకు నూట నాలుగు జరం ఉంటే డాక్టరు నూట రెండని రాసిండనుకో. నువ్వు గూడ అడ్జస్ట్ అయితవా?"

అతను నన్ను చూసి, "మీరు టీచరా మేడం?" అన్నాడు. కాదన్నాను, ఎందుకని అడిగాను. "ఏం లేదు, ఊకెనే" అని జగ్గు తుడుచుకున్నాడు. ఒక మాట మీద నిలబడిన మూడింటినీ కొనుక్కుని ఇంటికి వచ్చాను. అక్కడితో కూడా నమ్మలేదు. స్టీలు గ్లాసులో మంచు ముక్కలు దంచి పోసి, కాసిని నీళ్ళు కలిపి, మూడింటినీ అందులో నిలబెట్టాను. కరుగుతున్న మంచులో ఏది పెట్టినా సున్నా దగ్గర నిలబడాలి, లేకపోతే అది పనికిరాదు. మూడూ నిలబడ్డాయి. మా ఆయన పేపరు పక్కకు తీసి, "ఇది చేపల కోసమా, పోలీసు ఎంక్వైరీయా?" అన్నారు. రెండూ అన్నాను.

అదే వారం మా అన్న ఎల్లారెడ్డి నుంచి వచ్చాడు. ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామాను దించితే బాపు డబ్బా ఒకటి దొరికిందట. బాపు అంటే మా నాన్న. ఆయన పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. బిస్కెట్ల డబ్బా, మూత తుప్పు పట్టి ఉంది. ఆగిపోయిన చేతి గడియారం, తహసీలు కచేరీలో బాపు వాడిన సిరా కలం, తాళం లేని తాళంచెవులు. అడుగున ఒక పాత రుమాలులో చుట్టి, వేలంత పొడవున్న గాజు పుల్ల. రుమాలు విప్పాను. పుల్లలో పైన, చివరికంటా, చిన్న ఎర్ర చుక్క. ఆ చుక్కకు పేరు పెట్టింది నేనే.

మా ఇంట్లో నీళ్ళ వేడి విషయంలో చివరి మాట అవ్వది. బాపు వాళ్ళమ్మ. ఎల్లారెడ్డిలో మా గల్లీలో ఏ ఇంట్లో కానుపు అయినా పసిపిల్లకు నీళ్ళు పోయడానికి అవ్వను పిలిచేవారు. మా వాళ్ళ ఇండ్లు, పక్కనున్న ముస్లింల ఇండ్లు, కోమట్ల ఇండ్లు, తేడా లేదు. తెల్లగా తెల్లారేసరికి అవ్వ కొంగు బిగించి బయలుదేరేది, వెనక నేను. ఆ పొద్దుల వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఆముదం, నలుగుపిండి, తడిసిన గోనెపట్టా, కట్టెల పొగ, చివర్లో సాంబ్రాణి. అవ్వ పీట మీద కూర్చుని కాళ్ళు బార్లా చాపుకునేది. పిల్లను మోకాళ్ళ కింద, రెండు కాళ్ళ నడుమ గాడిలో పడుకోబెట్టేది. పక్కన గంగాళంలో కాగులోని ఉడుకు నీళ్ళూ గోలెంలోని చల్లనీళ్ళూ కలిపేది. కలిపాక మోచెయ్యి ముంచేది. ఒకసారి ముంచి తీసేది. రెండోసారి ముంచి, కండ్లు మూసుకుని, నేను మనసులో పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచేది. అప్పుడు ఒక చెంబు చల్లనీళ్ళో, అర చెంబు ఉడుకు నీళ్ళో పోయించి, అప్పుడు గానీ పిల్ల మీద చుక్క పడనిచ్చేది కాదు. ఏ తల్లి అయినా వేళ్ళు ముంచి, "సరిపోయినయవ్వా" అంటే మండిపడేది. "చెయ్యి దొంగది. పనులు చేసి చేసి మొద్దుబారింది. అది ఉడుకును గూడ సల్లగున్నదనే అంటది. మోచెయ్యి ఏం పని చేసింది? దానికింక సిగ్గు శరం ఉన్నయి, అది నిజం చెప్తది" అనేది. అవ్వ తీసుకునేది ఒక రవిక గుడ్డ, ఒక కొబ్బరికాయ, ముస్లింల ఇండ్ల నుంచి పండుగనాడు గిన్నెడు పాయసం. ఆమెకు కావలసింది అవి కావు. గల్లీలో నడుస్తుంటే పిల్లలను ఆపి, "వీడు నా కాళ్ళ మీద పెరిగినోడే" అనడం కావాలి. అదే ఆమె కొలువు.

అనుమానం నాకు అవ్వ నుంచే వచ్చింది. పాలవాడి ముందే పాలు వాసన చూసేది. బియ్యం కొంటే పిడికెడు నోట్లో వేసుకుని నమిలేది. ఎండుమిరపకాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గింజల చప్పుడు వినేది. లోకంలో ఆమె అనుమానించనిది తన మోచెయ్యిని ఒక్కదాన్నే. దాన్ని అనుమానించే పని నేను నెత్తిన వేసుకున్నాను.

పక్కింటి యూసుఫ్ చాచా గల్ఫులో పని చేసేవాడు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, బొంబాయిలో దిగి, అక్కడ ఒక హీటరు, ఒక థర్మామీటరు కొనుక్కొచ్చాడు. కామారెడ్డిలో ఇనుప చట్రానికి అద్దాలు బిగించి తొట్టి చేయించాడు. హైదరాబాదు నుంచి ప్లాస్టిక్ సంచిలో రెండు ఏంజెల్ చేపలను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఎల్లారెడ్డిలో అలాంటిది ఎవరూ చూడలేదు. తినని చేపలు. వాటిని చూడటానికి వచ్చే పోయే జనానికి చాచీ చాయ్ పెట్టలేక విసిగిపోయింది. వాళ్ళ పెద్ద బిడ్డ సల్మా నా ఈడుది, ఒకే బడి. చేపలు తనవే అని చాచా దానికి మాట ఇచ్చాడు. చాచా మళ్ళీ గల్ఫుకు వెళ్ళే రోజులు, చాచీకి నెలలు నిండే రోజులు కలిసి వచ్చాయి. చాచీ కానుపుకు జుక్కల్‌లోని తల్లిగారింటికి పోవాలి, సల్మా వెంట పోవాలి. తొట్టిని మా ఇంటి నడవాలో పెట్టించి, చాచా నన్ను పిలిచి ఆ థర్మామీటరు పుల్ల చేతికిచ్చాడు.

"బేటీ, ఇరవై ఎనిమిది దగ్గర పెట్టు. ముప్ఫై దాటనియ్యకు. ఈ హీటరు దానంతల అది బంద్ గాదు, నువ్వే బంద్ జెయ్యాలె. యాదికుంటదా?"

"ఉంటది చాచా."

బస్సు ఎక్కేముందు సల్మా నా చెయ్యి పట్టుకుని గిల్లింది. "నేనొచ్చేసరికి రెండుండాలె. ఒక్కటి తక్కువైనా నీతోని మాట్లాడ."

ఇంటిలో నాకు మొదటిసారి ఒక అధికారం దొరికింది. బడి నుంచి రాగానే పుల్ల చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. బాపు తహసీలు కచేరీలో గుమాస్తా, రాసి ఉన్నదానికి విలువ ఇచ్చే మనిషి. పొద్దున నా నోటుబుక్కు చూసి తల ఊపేవాడు. అవ్వ మాత్రం నడవాలో నుంచి పోతూ వస్తూ మోచెయ్యి తొట్టిలో ముంచి, "సరిగనే ఉన్నయి" అని నాకు చెప్పేది, నేను అడగకపోయినా. చూడబోతే ఆమె మాట, పుల్ల మాట రోజూ కలిసేవి. అదే నాకు ఒళ్ళు మండేది. మోచెయ్యి సరిగ్గా చెప్పేటట్టయితే చాచా బొంబాయి నుంచి పుల్ల తేవడం ఎందుకు, నేను రాయడం ఎందుకు?

ఒక ఆదివారం పొద్దున అవ్వకూ నాకూ పందెం పడింది. చలి బాగా ముదిరిన రోజులు. అవ్వ కాగు కింద మంట పెట్టి కూర్చుంది. నేను పుల్ల పట్టుకుని వెళ్ళి, కాగులో నీళ్ళు ఎంత ఉడుకున్నాయో నీ మోచేత్తో చెప్పు చూద్దాం అన్నాను.

"ఆ నీళ్ళల్ల ఎవరన్న చెయ్యి పెడ్తరానే? కాలి ఊకుంటది."

"నీ మోచెయ్యికి చేతగాదన్నట్టు. నా పుల్ల చెప్తది చూడు."

"దానికి ఓర్వది పిల్లా. అది సల్లనీళ్ళల్ల బతికేది. తియ్యి."

నేను ముంచాను. ఎర్ర తీగ ఒక్క ఊపున పైకి పరుగెత్తి గొట్టం చివరికంటా వెళ్ళి కొట్టుకుంది. అంకెలు యాభై దగ్గరే అయిపోయాయి, తీగ ఇంకా పైన. భయపడి బయటికి తీశాను. గాజు పగలలేదు. తీగ మెల్లగా కిందికి దిగింది. దిగుతూ దిగుతూ పైన చివర చిన్న చుక్కను వదిలి వచ్చింది. కుంకుమ బొట్టంత ఎర్రగా. నాకు అది ముచ్చటగా అనిపించింది. ఇంటిల్లిపాదికీ చూపించాను, "అవ్వ కాగు నా పుల్లకు బొట్టు పెట్టింది" అని. బాపు నవ్వాడు. అమ్మ నవ్వింది. అవ్వ దాన్ని కండ్ల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏమో, నాకైతే సరిగ గొడ్తలేదు" అంది. ఓడిపోయి అంటున్నది అనుకున్నాను.

ఆ సాయంత్రం పుల్ల తొట్టిలో ఇరవై మూడు చూపించింది. ముందు రోజు దాకా ఇరవై ఎనిమిది. చలి పెరిగింది కదా అని హీటరు పెట్టాను. దీపాలు పెట్టే వేళకు ఇరవై ఐదు. అవ్వ వచ్చి మోచెయ్యి ముంచింది. రెండోసారి ముంచింది. కండ్లు మూసుకుంది.

"బంద్ చెయ్యి పిల్లా. పసిపోరనికి పోసే నీళ్ళకు జరంతనే తక్కువున్నయి."

"ఇరవై అయిదే ఉన్నది. చదువొస్తే చదువు."

"నాకు చదువు రాదు. నోళ్ళు మీదికి పెట్టినయి సూడు అవి."

చేపలు నిజంగానే నీటి పైకంటా వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఆకలి అనుకుని తిండి వేశాను. అవి ముట్టుకోలేదు. బాపు కచేరీ నుంచి వచ్చాడు. అవ్వ, నేను చెరో వైపు నిలబడి తగువు పెట్టాం. బాపు వంగి పుల్ల చదివాడు. "ఇరవై ఆరుంది. సరిగనే రాసింది పిల్ల. నువ్వు ఊకో అవ్వా" అన్నాడు. ఇరవై ఎనిమిది రాగానే హీటరు బంద్ చేసి, నోటుబుక్కులో రాసి, గెలిచిన దాన్నై అన్నం తిన్నాను.

పొద్దున లేచేసరికి రెండూ పక్కకు తిరిగి తేలుతున్నాయి. తొట్టి పక్కన నేల తడిగా ఉంది, అక్కడే అవ్వ చెంబు. అందరికంటే ముందు లేచేది అవ్వే, కాగు అంటించేది అవ్వే. పుల్ల ఇరవై నాలుగు చూపిస్తున్నది. నా నోటుబుక్కు తప్పు లేదు, నా పుల్ల తప్పు లేదు. మిగిలింది చెంబు. సల్మా ఏమంటుందో అన్న భయం ఒకవైపు, ఓడిపోతానన్న భయం ఒకవైపు. అవ్వ కాగులో నీళ్ళు తెచ్చి పోసిందని అరిచాను.

"సల్లనీళ్ళు పోసిన" అంది అవ్వ. "ఉడుకుతున్నయని సల్లనీళ్ళు పోసిన. అప్పటికే ఒకటి పోయింది."

"అవ్వకు సల్లనీళ్ళేవో ఉడుకు నీళ్ళేవో తెలుస్తలేదు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇంట్లో అన్నాను, బావి దగ్గర అన్నాను, బడిలో అన్నాను. చేపలు ఎందుకు చచ్చిపోయాయని ఎవరు అడిగినా అదే మాట. బాపు పుల్లను కడిగి, తుడిచి, రుమాలులో చుట్టి దాచాడు, చాచా వస్తే ఇవ్వాలని. అవ్వ తన చెంబు తీసుకుని పోయింది.

మాట గల్లీలో తిరగడానికి ఎంతసేపు. ఆ చలికాలం తర్వాత అవ్వను పిలిచే ఇండ్లు తగ్గాయి. ముసలామె చెయ్యికి స్పర్శ పోయిందట అన్నారు. ఆమె మోచెయ్యి కదా ముంచేది అని ఎవరూ అనలేదు. చాచీ జుక్కల్ నుంచి కొడుకును ఎత్తుకుని వచ్చింది. ఆ పిల్లవాడికి నీళ్ళు అవ్వే పోస్తుందని కడుపులో ఉన్నప్పటి నుంచీ అనుకున్న మాట. పోయలేదు. చాచీ పిలవలేదని, నా మాట వల్లే పిలవలేదని నేను అనుకున్నాను. సల్మా చెప్పినట్టే చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో కూడా అవ్వ మారింది. తను స్నానానికి కూర్చునే ముందు నన్ను పిలిచేది. "జర చూడు బిడ్డా, సరిపోయినయా?" నేను రెండు వేళ్ళు ముంచి సరిపోయాయి అనేదాన్ని. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు నాకు గర్వంగా ఉండేది.

ఇప్పుడు ఆ పుల్ల నా చేతిలో ఉంది. మా అన్న భోజనం చేసి పడుకున్నాడు. నేను కొత్తవి మూడు, పాతది ఒకటి, ఒకే గిన్నెలో ముంచి, పక్కనే కూర్చున్నాను. పది నిమిషాలు. మూడూ ఇరవై ఏడు. పాతది ఇరవై రెండు. మంచు గ్లాసులో పెట్టాను. మూడూ సున్నా. పాతదాని తీగ సున్నా గీతకు ఇంకా కిందికి, బుడ్డిలోకి దిగిపోయింది. భూతద్దం తెచ్చి ఆ ఎర్ర చుక్కను చూశాను. కింద తీగ ఎంత సన్నగా ఉందో అదీ అంతే సన్నం, పైన విడిపోయి అతుక్కుని ఉంది. చుక్క కాదు, ముక్క. కాగితం అంచు పెట్టి దాని పొడవు గుర్తు చేసుకుని, అంకెల మీద పెట్టి చూశాను. ఐదు గీతలు. ఇన్నేండ్లలో ఎప్పుడో అటకలో విడిపోయి ఉండొచ్చు కదా అని నా బుద్ధి నాకు వెంటనే ఒక దారి చూపించింది. ఆ దారి మూసింది నేనే, దానికి బొట్టు అని పేరు పెట్టిన రోజున. కాగులో ముంచినప్పుడు పైకి పోయిన ద్రవం మొత్తం దిగిరాలేదు. ఐదు డిగ్రీలు పైనే ఉండిపోయాయి. నేను ఇరవై ఎనిమిది అని రాసిన సాయంత్రం తొట్టిలో ఉన్నది ముప్ఫై మూడు. నోళ్ళు పైకి పెట్టింది ఆకలికి కాదు, వేడెక్కిన నీళ్ళలో ఊపిరి ఆడక. ఫిజిక్సు చదివిందాన్ని నేను. చదువు రానిది ఆమె.

మా ఆయనకు చెబితే, "నువ్వు చిన్నపిల్లవు అప్పుడు" అన్నారు. అందరూ అదే అంటారు, అది మాటల్లో అన్నిటికంటే చవకైన మాట. పాలవాడిని, కూరగాయలామెను, డాక్టరును, మా ఆయనను, ఇన్నేండ్లు అందరినీ గీటురాయి మీద గీసి చూసిన దాన్ని, ఆ ఒక్క గాజు పుల్లను ఒక్కసారి మంచులో పెట్టి చూడాలని ఎందుకు తోచలేదు? అది చెప్పింది నాకు కావలసిన మాట కాబట్టి. అవ్వ లేదు. బాపు లేడు, యూసుఫ్ చాచా లేడు. చాచీ ఉంది. రెండో రోజు ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. సంచిలో పాత పుల్ల, కొత్త పుల్ల.

చాచీ ఇల్లు మారలేదు, ముందు రేకులు మాత్రం పోయి స్లాబు వచ్చింది. సల్మా కూడా అక్కడే ఉంది. దాని కూతురు కానుపుకు వచ్చింది, పిల్ల పుట్టి నెల కావస్తోంది. నేను వెళ్ళేసరికి స్నానం వేళ. వాకిట్లో నీలం ప్లాస్టిక్ టబ్బు, అందులో పసుపు రంగు బాతు బొమ్మ ఒకటి తేలుతోంది. బాతు పొట్ట మీద అంకెలు. అదీ థర్మామీటరేనట, సల్మా అల్లుడు ఫోనులో తెప్పించాడట. ఆ బాతును కూడా గ్లాసులో మంచు పోసి పరీక్షించాలని నా చెయ్యి లాగింది, ఆపుకున్నాను. ఇప్పటి తల్లులు అదృష్టవంతులు అనాలో, పాపం అనాలో నాకు తెలియదు. వాళ్ళకు అంకె ఉంది. అంకె తప్పయితే అది తప్పు అని చెప్పే మోచెయ్యి ఇంట్లో లేదు.

పుల్ల బయటికి తీసి సంగతి చెప్పాను. సల్మా కండ్లద్దాలు పెట్టుకుని రెండు పుల్లలనూ పక్కపక్కన పట్టి చూసింది.

"అయితే నా చేపలను సంపింది నువ్వా? ఇన్నేండ్లకు దొంగ దొరికింది" అని నవ్వింది. "అమ్మీ, విన్నవా? నేను దీనితోని ఊకెనే మాట బంద్ చేసిన అన్నవు గద అప్పుడు."

చాచీ నవ్వలేదు. మంచం మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. నేను ఆమె దగ్గరికి జరిగాను.

"చాచీ, ఆ ముచ్చట నేనే గల్లీ అంత చెప్పిన. నువ్వు అవ్వను పిలువకపోతివి నా మాటకే గద."

"పిలువలేదని ఎవరన్నరు నీకు?"

"అవ్వ పొయ్యలేదు గద, బాబుకు నీళ్ళు."

"పొయ్యలేదు. పిలువక గాదు. వాణ్ణి ఎత్తుకొని నేనే వచ్చిన మీ ఇంటికి. నువ్వు బడికి పోయినవు. చేపలు ఏంది పద్మా, రెండు చేపలకు నేను అవ్వను ఇడుస్తనా? సల్మాకు పోసింది ఆమెనే. చెయ్యి పట్టి తీసుకొచ్చిన." చాచీ వాకిలి మూల చూపించింది. "ఆడనే కూసున్నది. కాళ్ళు చాపింది. పిల్లగాణ్ణి పండవెట్టిన కాళ్ళ మీద. మోచెయ్యి ముంచింది, తీసింది. మల్ల ముంచింది. మల్ల తీసింది. ఎన్నిసార్లు ముంచిందో. నీళ్ళు సల్లారినయి గానీ ఆమె మాట్లాడలే. చివరికి, 'నాకు తెలుస్తలేదు బిడ్డా, పిల్లగాడు కాలితే ఎట్ల, నువ్వే పోసుకో' అని వాణ్ణి నా చేతుల పెట్టి లేచిపోయింది. ఇంక ఎవరింటికి పోలేదు. పిలిచినోళ్ళు గూడ ఉండిరి. ఆమెనే పోలే."

లోపల పసిపిల్ల ఏడుపు అందుకుంది. నేను మోసుకొచ్చిన నేరం ఒకటి, ఇక్కడ దొరికింది మరొకటి. గల్లీ ఆమెను నమ్మకపోతే ఆమె గల్లీతో పోట్లాడేది, నాకంటే బాగా పోట్లాడేది. నేను తీసుకున్నది గల్లీ నమ్మకాన్ని కాదు.

సల్మా బిడ్డ పిల్లను గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చింది. సల్మా కాగుకు బదులు గీజరు నీళ్ళు బకెట్లో తెచ్చి టబ్బులో పోసి, కలిపి, బాతును చూసి, "ముప్ఫై ఏడు. సరిపోయింది" అంది. చాచీ ఆగమని చెయ్యెత్తింది. మోకాళ్ళ నొప్పికి తను వంగలేదు. నా వైపు చూసింది.

"పద్మా, నువ్వు చూడు."

"నాకేం తెలుసు చాచీ, నేనెప్పుడన్న పోసిన్నా? బాతు చెప్తది గద."

"బాతు సంగతి నువ్వే గద ఇప్పటిదాంక చెప్పినవు. అవ్వ ఎన్క తిరిగినవు. చూడు."

చీర కుచ్చిళ్ళు మడిచి టబ్బు పక్కన కూర్చున్నాను. గాజులు పైకి తోసుకుని మోచెయ్యి ముంచి తీశాను. మళ్ళీ ముంచాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. చిన్నప్పుడు అవ్వ వెనక అన్ని పొద్దులు నిలబడి ఆమెను చూశాను గానీ, ఆమె అక్కడ దేని కోసం వెతికేదో ఒక్కసారైనా అడగలేదు. ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పడం నాకు కష్టం కాదు, ఇన్నేండ్లూ అదే చేశాను.

"నాకు తెలుస్తలేదు చాచీ" అన్నాను.

చెయ్యి తీయబోతుంటే చాచీ మంచం మీద నుంచే వంగి, నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"తియ్యకు. జరసేపు ఉంచు. ఆమె కండ్లు మూసుకునేది, నువ్వు గూడ మూసుకో."

మూసుకుని, మనసులో పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను.